రెండో గొంతు

ఆయన చనిపోయిన సంగతి నాకు మనుషులెవరూ చెప్పలేదు. మిషన్ మీద కాగితం బోర్లా వేసి, మూత దించి, మీట నొక్కి, మొదటి నకలు తిన్నగా పడిందా లేదా అని చేతిలోకి తీసుకుని చూస్తే అందులో ఆయన పేరుంది. పైన మరణ ధ్రువీకరణ పత్రం అని ఉంది.

మా దుకాణం సిద్దిపేట పాత బస్టాండు వెనక గల్లీలో. ఇరవై ఏళ్లుగా జిరాక్స్ తీస్తున్నాను. ఈ పనిలో నేను పెట్టుకున్న నియమం ఒక్కటే, కాగితం అంచులు చూడాలి, అక్షరాలు చూడొద్దు. విడాకుల కాగితాలు, కోర్టు నోటీసులు, దవాఖాన రిపోర్టులు అన్నీ నా చేతుల మీదుగానే పోతాయి. అవన్నీ చదువుతూ కూర్చుంటే అన్నం సహించదు. ఆ రోజు మాత్రం అక్షరాలు కళ్లబడ్డాయి.

“పది కాపీలు అక్కా, జర జల్ది. రోడ్డుకు బండి అడ్డం పెట్టొచ్చిన” అన్నాడు కాగితం తెచ్చిన ముప్పయ్యేళ్ల మనిషి.

“మీకేమైతడు ఈయన?”

“పెద్దబాపు, మా బాపుకు అన్న. సోమారం పొద్దుగాల పోయిండు, దవాఖానల.”

మిగతా తొమ్మిదీ తీసిచ్చాను. అందులో ఆయన తల్లి పేరు కూడా ఉంది. నాలుగేళ్లు రోజూ చూసిన మనిషి తల్లి పేరు నాకు అప్పుడు తెలిసింది. ఆయన దుకాణానికి రాక పన్నెండు రోజులైంది. పాత ఆఫీసు పని మీద బెంగళూరు పోయి ఉంటారులే అనుకున్నానే తప్ప, మూడు గల్లీల అవతల ఉన్న గదికి పోయి తలుపు కొట్టలేదు. నోట్లో నువ్వుగింజ నానదని పేరుపడ్డదాన్ని, ఆ రోజు “నాకు ఎర్కే ఈయన” అన్న ఒక్క మాట బయటికి రాలేదు. ఆ మనిషి కాపీలు మడిచి జేబులో పెట్టుకుని బండెక్కి పోయాడు.

ఆయన పేరు ఇక్కడ రాయను. పొడుగు మనిషి. చెవి మీద పెన్సిలు, భుజాన గుడ్డసంచి. మే నెల ఎండలో కూడా చొక్కా చేతులు మణికట్టు దాకా దించి గుండీలు పెట్టుకునేవారు. ఏళ్ల తరబడి చల్లటి గదుల్లో మిషన్ల మధ్య కూర్చున్న అలవాటట. సిద్దిపేట ఎండకు అందరం ఉడికిపోతుంటే ఆయన మాత్రం మెడ దాకా గుండీలు పెట్టుకుని తిరిగేవారు. చేతి గడియారం అయిదున్నర గంటలు వెనక నడిచేది. చెడిపోయి కాదు, కావాలనే, ఆయన పని లెక్కలన్నీ ప్రపంచమంతటికీ ఒకటిగా వాడే టైములో ఉంటాయట. దారిన పోయేవాళ్లు “సార్, టైమెంత” అని అడిగితే గడియారం చూసి, ఆకాశంలోకి చూసి, లోపల అయిదున్నర కలుపుకుని చెప్పేవారు. ఈలోగా అడిగినవాడు ఇంకొకరిని అడిగి పోయేవాడు.

ఆయన ఉద్యోగం, ఆకాశంలో భూమి చుట్టూ తిరిగే ఒక ఎక్స్-రే టెలిస్కోపుకు ఏ రోజు పని ఆ రోజు రాసిపెట్టడం. ఎప్పుడు ఏ నక్షత్రం వైపు తిరగాలి, ఎంతసేపు చూడాలి, ఎప్పుడు కళ్లు మూసుకోవాలి. ఆ టెలిస్కోపు ముసలిదైపోయింది. దానికిచ్చిన ఆయుష్షు దాటిపోయినా ఇంకా పనిచేస్తోంది. దాన్ని కనిపెట్టుకుని ఉన్న మనుషులు మాత్రం ఒక్కొక్కరే కొత్త పనుల్లోకి వెళ్లిపోయారు. ఈయన రిటైరైనా ఆ రోజువారీ కాగితం పని ఈయనకే వదిలేశారు. ఎక్కడ కూర్చుని చేసినా ఒకటేనన్నారు. సొంత ఊరు వేములఘాట్. అది మల్లన్నసాగర్ నీళ్ల కిందికి పోయింది, తమ్ముడి కుటుంబం గజ్వేల్ దగ్గర కాలనీలోకి మారింది. ఈయన సిద్దిపేటలో ఒక గది కిరాయికి తీసుకున్నారు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని నేను అడగలేదు, ఎందుకంటే నన్నూ అందరూ అదే అడుగుతారు.

“మంచిగున్నరా సార్?” అంటే ఆయన తన సంగతి చెప్పేవారు కాదు. “మంచిగనే ఉన్నది. ఒక బ్యాటరీ జర వేడెక్కుతుంది, చూస్తున్నం” అనేవారు. నన్ను కన్న మా అవ్వ బతికున్న రోజుల్లో దుకాణంలో కూర్చుని ఇది విని నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకునేది. “ఆ సారుకు జరమొస్తె ఎవలిని అడగాలెనే?” అనేది.

రోజూ పొద్దున తొమ్మిదికి, అంటే ఆయన గడియారంలో మూడున్నరకు, వచ్చి పెన్‌డ్రైవ్ ఇచ్చి రెండు పేజీలు ప్రింటు తీయించుకునేవారు. తీసుకుని పోకుండా బల్ల చివర నిలబడి పెదాలు కదుపుతూ చదివేవారు. ఒక లైను ఒక గొంతుతో చదివి, అదే లైను ఇంకో గొంతుతో చదివేవారు. పది రోజులు చూశాను. పదకొండో రోజు ఆగలేకపోయాను.

“ఏం మంత్రాలు సార్ గవి? మా మిషన్‌కు దిష్టి తీస్తున్నరా?”

ఆయన కోపగించుకోలేదు. “ఇది ఇద్దరు చేసే పని అమ్మా. ఒకలు చదవాలె, ఇంకొకలు మల్ల అదే చెప్పి టిక్కు పెట్టాలె. రాసినోని కన్ను రాసిన తప్పును చూడది. నాతోని ముప్పయ్యేండ్లు చదివినాయన రిటైరై ఫోన్ల చదివెటోడు. ఇప్పుడు ఆయనకు చెవులు వినపడ్తలేవు.”

“మరి ఆఫీసుల ఎవ్వలు లేరా?”

“ఆడ కంప్యూటరు చూస్తది. తప్పయితె పట్టుకుంటది. గని చదవది.”

కాగితం ఆయన చేతిలోంచి గుంజుకుని చదవడం మొదలుపెట్టాను. నా చదువు ఇంటర్, అదీ తెలుగు మీడియం. కానీ అంకెలు ఎవరికైనా అంకెలే. మొదటి లైనులోనే ఆపారు. సున్నాను ‘ఓ’ అన్నానట. “సున్నా అనాలె. ముందున్న సున్నలు గూడ చదవాలె, ఒక్కటి గూడ మింగొద్దు” అన్నారు. సున్నా మూడు, సున్నా సున్నా ఏడు అని నేను చదువుతుంటే ఆయన వెంటనే అదే పలికి పెన్సిలుతో చిన్న గీత పెట్టారు. ప్రింట్లకొచ్చిన కాలేజీ పిల్లలు ముసిముసిగా నవ్వుకున్నారు. రెండు పేజీలయ్యేసరికి పావుగంట పట్టింది. అప్పటినుంచి అదే మా పొద్దు. ఇంట్లో ప్రింటరు కొనుక్కోరాదా అని ఒకసారి వేళాకోళం చేస్తే, “కొంట. దానికి చదువు నేర్పుతవా?” అన్నారు.

ఎక్స్-రే అంటే బొక్కలు విరిగితే తీసేదే అనుకున్నాను నేను. అది కాదన్నారు. అక్కడ మనం ఎవరి ఫోటో తీయడానికీ కిరణాలు పంపం, నక్షత్రాల నుంచి వచ్చే కిరణాలనే పట్టుకుంటాం, నేల మీదికి వాటిని మన గాలి రానివ్వదు కాబట్టి టెలిస్కోపును గాలి పైకి పంపాలి అని చెప్పారు. అది గంటన్నరకోసారి భూమిని చుట్టి వస్తుంది. చుట్టే దారిలో సముద్రం మీద ఒకచోట కనపడని కణాలు దట్టంగా ఉంటాయట. అక్కడికి పోయేముందు దాని కరెంటు ఆపాలి, దాటాక మళ్లీ ఇవ్వాలి, లేకపోతే కన్ను పోతుంది. “బోనాల ఊరేగింపు పోతాంటె నువ్వు షెట్టరు సగం దించుతవు గద, అట్ల” అన్నారు. కాగితంలో అది ఆఫ్, ఆన్ అని రెండు లైన్లుగా ఉండేది. రెండింటి మధ్య ఎప్పుడూ దాదాపు ఇరవై నిమిషాలుండేది. అది నాకు అలవాటైపోయింది.

టెలిస్కోపుకు ఆదివారం లేదు, కాబట్టి ఆయనకూ లేదు. పండుగ రోజుల్లో నేను సగం షెట్టరు లేపి కూర్చునేదాన్ని. కొమురవెల్లి మల్లన్న దగ్గరికి జనం బస్సులు నింపుకుని పోతుంటే ఆయన ఆ జనానికి ఎదురీదుకుంటూ కాగితం కోసం వచ్చేవారు. అవ్వ పోయాక దుకాణం తెరిచిన మొదటి రోజు మొదట వచ్చింది ఆయనే. పరామర్శ మాటలు ఆయనకు రావు. కాసేపు బల్ల మీద వేళ్లు ఆడించి, పెన్‌డ్రైవ్ నా ముందు పెట్టి, “చదువుతవా అమ్మా?” అన్నారు. చదివాను. ఎక్కడా ఆగకుండా రెండు పేజీలూ చదివాను. అంతకుముందు పది రోజులు వచ్చినవాళ్లు చెప్పిన ఓదార్పు మాటలేవీ నాకు పనికి రాలేదు, అది పనికొచ్చింది.

మా అక్క బిడ్డ పెళ్లికి పిలిస్తే ఆయన చేసిన పని ఇప్పటికీ మా చుట్టాల్లో చెప్పుకుంటారు. ముహూర్తం పొద్దున పది నలభైకి. ఆయన సాయంత్రం నాలుగు దాటాక ఫంక్షన్ హాలుకు వచ్చారు, ఇస్త్రీ చొక్కా, చేతిలో స్టీలు డబ్బాల సెట్టు. టెంటువాళ్లు కుర్చీలు మడుస్తున్నారు. పెళ్లికూతురు అత్తారింటికి బయలుదేరి గంట. అప్పుడు అర్థమైంది. పెళ్లి టైమును ఆయన ఉన్నదున్నట్టే తన ప్లాను పుస్తకంలో రాసుకున్నారు. ఆ పుస్తకంలో అన్నీ ఆయన గడియారం లెక్కనే ఉంటాయి. సెకను తప్పకుండా నక్షత్రాలకు వేళలు రాసే మనిషి అయిదున్నర గంటలు ఆలస్యంగా పెళ్లికొచ్చారు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టుందని నేను గట్టిగా నవ్వాను.

“గడియారం తప్పు కాదమ్మా. నేనే అయిదున్నర తీసెయ్యలె” అన్నారు, తలొంచుకుని.

గిన్నెల అడుగున మిగిలిన బగారా అన్నం, ఇంత పప్పు వడ్డించాను. అంత పెద్ద హాల్లో ఆయనొక్కరే బల్ల ముందు కూర్చుని తిన్నారు. పైన ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి. నవ్వినందుకు నాకు సిగ్గేసింది, కానీ ఆ మాట ఆయనతో అనలేదు.

ఆయన సంతోషాన్ని కూడా ఒకసారి చూశాను. మధ్యాహ్నం అన్నం తింటున్నాను. పొద్దున కాగితం చదివేశాం, మళ్లీ రావాల్సిన పని లేదు. ఆయన ఎండలో దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చారు.

“ఒకటి లేచిందమ్మా! పదేండ్ల సంది సప్పుడు లేకుంట పడున్నది, నిన్నటి సంది మండుతుంది. ప్లాను మొత్తం మార్చిన. చదువు, జల్ది చదువు.”

కుడిచేయి అన్నంలో ఉంది. ఎడమచేత్తో కాగితం పట్టుకుని చదివాను. అయ్యాక చెప్పారు. అదొక నల్లటి గుంతలాంటిదట, పక్కనున్న నక్షత్రాన్ని గుంజుకుని తింటుందట, తినేటప్పుడే దాని నుంచి ఎక్స్-రేలు వస్తాయట.

“అంటె తినేటోళ్లనే చూస్తరన్నట్టు మీరు. పస్తున్నోళ్లు మీకు కనపడరు” అన్నాను.

ఆయన నవ్వారు. పళ్లన్నీ కనపడేలా నవ్వడం నేను చూసింది అప్పుడే. “పస్తున్నోళ్లు కనపడరమ్మా. ఉన్నరని ఎర్కే, గని కనపడరు.” తర్వాత పోయి బజ్జీలు కట్టించుకొచ్చారు. ఇంత పెద్ద సంగతి జరిగితే చెప్పుకోవడానికి ఆయనకు ఊరు మొత్తంలో జిరాక్స్ దుకాణం ఒక్కటే ఉంది. ఆయన ఒంటరివాడు. ఈ మాట చుట్టూ తిరగడం నాకు చేతకాదు.

ఇక నేను చెప్పక తప్పని రోజు. జూన్ నెల, అడ్మిషన్ల కాలం. టీసీలు, కులం సర్టిఫికెట్లు, ఆదాయం సర్టిఫికెట్లు పట్టుకుని జనం గల్లీ మలుపు దాకా నిలబడ్డారు. పొద్దుటి నుంచి కరెంటు రెండుసార్లు పోయింది. ఒక మిషన్‌లో కాగితం ఇరుక్కుని నా తలప్రాణం తోకకొచ్చింది. అప్పుడొచ్చారు ఆయన. ప్రింటు తీసిచ్చాను. ఎప్పటిలాగే బల్ల చివర నిలబడి ఎదురుచూశారు. పావుగంట, అరగంట. వెనకున్నవాళ్లు “జరుగు తాతా” అంటున్నారు.

“సార్, ఇయ్యాల మీ ఆకాశాన్ని మీరే చదువుకోండి. ఈడ భూమ్మీదోళ్లు లైన్ల ఉన్నరు” అన్నాను, అందరూ వినేలా. లైన్లో ఎవరో నవ్వారు.

“అట్లనే అమ్మా” అని ఆయన పక్క దుకాణం గద్దె మీద కూర్చుని, రెండు గొంతులూ తానే అయి చదువుకున్నారు. జనం కాళ్ల మధ్య నుంచి నాకు పెన్సిలు కదలడం కనిపించింది.

మర్నాడు రాలేదు. ఆ తర్వాతి రోజు వచ్చారు, చేతిలో పెన్‌డ్రైవ్ లేదు. ఏమైందో ఆయనే చెప్పారు. తొమ్మిది ఇరవై అయిదుకు ఆఫ్. తొమ్మిది నలభై ఏడుకు ఆన్ అని రాయాల్సిన చోట తొమ్మిది ఇరవై ఏడు అని రాశారు. అంటే సరిగ్గా ఆ కణాల మధ్యలో ఉండగా కరెంటు వచ్చేది. అక్కడి కంప్యూటరు పట్టుకుంది, టెలిస్కోపుకు ఏమీ కాలేదు. కానీ ఆఫీసులో ఆయన స్థానంలోకి వచ్చిన చిన్న ఆఫీసరు ఫోన్ చేసి, ఎంతో మర్యాదగా, ఇకమీద ప్లాను ఇక్కడే చేసుకుంటాం సార్, మీరు రెస్టు తీసుకోండి అన్నాడట.

“ముప్పయ్యేండ్లల ఒక్కటే” అన్నారు ఆయన. అంతే. నన్ను ఒక్క మాట అనలేదు.

రెండు నిమిషాల తేడా. ఆఫ్ తొమ్మిది ఇరవై అయిదు, ఆన్ తొమ్మిది ఇరవై ఏడు అని నా నోటితో చదివి ఉంటే నేను ఆగేదాన్ని. నాకు నక్షత్రాలు తెలియవు, కానీ ఆ రెండు లైన్ల మధ్య ఇరవై నిమిషాలుండాలని తెలుసు. “తప్పు నాదే సార్” అనాలి. అంటే ఆయన “కాదమ్మా” అంటారు. ఆ “కాదు” వినడం నావల్ల కాదనిపించి, “చాయ్ తాగుతరా?” అని అడిగాను. తాగారు.

వారం తర్వాత మళ్లీ పెన్‌డ్రైవ్‌తో వచ్చారు. ఆఫీసువాళ్లు చేసిన ప్లాను నకలు, పాత మనిషని మర్యాదకు ఈయనకూ పంపుతున్నారట.

“ఇది పొద్దుగాలనే పైకి పోయింది. తప్పున్నా మనం చేసేదేం లేదు” అన్నారు. “పనికిరాని పని. చదువుతవా?”

“చదువుత.”

అప్పటినుంచి లైన్లో ఎంతమంది ఉన్నా ముందు ఆ రెండు పేజీలు చదివాకే మిగతావాళ్ల పని ముట్టుకునేదాన్ని. గొణిగినవాళ్లను ఇంకో దుకాణం చూసుకోమన్నాను. అవసరమున్న రోజుల్లో కంటే అవసరం లేని రోజుల్లోనే శ్రద్ధగా చదివాను. ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు, ఇద్దరం ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. చివరిసారి వచ్చినప్పుడు దగ్గు ఎక్కువగా ఉంది. నేను చదివిన లైను తిరిగి చెప్పడానికి ఆయనకు చాలాసేపు పడుతోంది. దవాఖానకు పోండి సార్ అన్నాను. పోతలే అన్నారు. మా దుకాణం గద్దె దిగి, సంచి సర్దుకుని, ఎండలోకి నడిచిపోయారు.

మరణ పత్రం కాపీలు తీసుకుపోయిన మనిషి మూడు రోజుల తర్వాత మళ్లీ వచ్చాడు. ఈసారి చేతిలో కాగితాలేమీ లేవు. లైను తగ్గేదాకా పక్కకు నిలబడ్డాడు.

“అక్కా, మా పెద్దబాపు రోజు పొద్దుగాల గీడికే వచ్చేటోడట గద. ఇంటి ఓనరు చెప్పిండు.”

“వచ్చేటోడు.”

“గట్లయితె నీకు ఎర్కుండచ్చు. ఆయనతోని పనిచేసే మేడం ఒకామె ఈడ సిద్దిపేటలనే ఉందట. ఏ ఆఫీసో తెల్వది, పేరు తెల్వది. రెండు రోజుల సంది తిరుగుతున్న. కలెక్టరేట్ల అడిగిన, కాలేజిల అడిగిన. ఎవ్వలు చెప్తలేరు.”

నా చేతిలో ఎవరిదో ఆధార్ కార్డు ఉంది. దాన్ని మిషన్ మీద పెట్టి మూత వేశాను. మీట నొక్కలేదు.

“ఏమన్నడు ఆమె గురించి?”

“ఫోన్ల ఎప్పుడు జూసినా ఆమె ముచ్చటనే. ఒక్కనివి ఆడెందుకు పెద్దబాపూ, గజ్వేల్ వచ్చి మాతోని ఉండు అంటె రాకపొయ్యె. ‘ఎట్లొస్తరా, నాతోని డ్యూటీల ఒకామె ఉన్నది, వాళ్లవ్వ గూడ లేదు, నేనొస్తె ఆమె ఒక్కతె అయితది’ అనేటోడు. దవాఖానల గూడ యాది చేసిండు. నంబరియ్యి, ఫోన్ చేస్త అన్న. ‘వద్దురా, పని మీదుంటది, ఇబ్బంది పెట్టొద్దు’ అన్నడు.”

లైన్లో ఉన్న పెద్దాయన “అమ్మా, నా కార్డు” అన్నాడు. ఉండమన్నట్టు చెయ్యి చూపించాను.

“ఎల్లుండి దినాలక్కా. అంత పెద్ద నౌకరి చేసిండు, పనిచేసిన తానికెల్లి ఒక్క మనిషన్న రాకపోతె ఎట్లరా అంటుండు మా బాపు. ఆమెను ఎట్లన్న పిలవాలె. నీకు ఎర్కేనా?”

“ఎర్కే.”

“వస్తదా మరి?”

“వస్తది” అన్నాను. “ఒక్కనాడు డ్యూటీకి రాలె. ఈసారి వస్తది.”